మన దేశంలో ఆడపిల్లకి ఫుట్‌బాల్‌లో దారి ఉందా, లేదా? (2026 ఆసియా కప్‌కి ముందు జరిగిన చర్చ)

కరీంనగర్_నాన్న
మా అమ్మాయికి పదమూడు నిండాయి, ఎనిమిదో తరగతి. ఫుట్‌బాల్ అంటే పిచ్చి. స్కూల్లో అమ్మాయిల టీమ్ లేదు కాబట్టి మగపిల్లలతోనే ఆడుతుంది. మొన్న జిల్లా సెలెక్షన్స్ ఉన్నాయంటే ఆఫీసుకి సెలవు పెట్టి తీసుకెళ్లాను. తీరా చూస్తే టీమ్‌కి కావాల్సినంత మంది కూడా రాలేదు. వచ్చిన వాళ్లందరినీ సెలెక్ట్ చేసేశారు. మా అమ్మాయి గంతులేసింది గానీ నాకైతే నీరసం వచ్చింది. పోటీయే లేని చోట సెలెక్షన్ ఏంటి? స్టేట్ టోర్నీకి వెళ్లి రెండు మ్యాచ్‌లు ఓడి ఇంటికొచ్చేశారు. మళ్లీ వచ్చే ఏడాది దాకా ఏమీ లేదట.

ఇంట్లో వాళ్లమ్మ, మా అమ్మ ఇద్దరిదీ ఒకటే పాట, బ్యాడ్మింటన్‌లో చేర్పించమని. నిజంగా మన దేశంలో మహిళల ఫుట్‌బాల్‌కి దారి ఉందా, లేక పదో తరగతితో ఆగిపోయే సరదాయేనా? తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఓదార్పు మాటలు వద్దు.

క్రికెట్_కిరణ్
ఉన్నదున్నట్టు చెప్పాలంటే క్రికెట్‌లో చేర్పించండి. 2025 నవంబర్ 2న నవీ ముంబైలో హర్మన్‌ప్రీత్ టీమ్ వరల్డ్ కప్ గెలిచాక కూడా ఈ ప్రశ్న ఏంటండీ. మహిళల క్రికెట్ లీగ్ డబ్ల్యూపీఎల్ 2023లో మొదలైంది, ఐదు టీమ్‌లు కలిపి 4,669 కోట్లకు పైగా పలికాయి.

ఆఫ్‌సైడ్_ఆనంద్
ఫుట్‌బాల్ చర్చలో మొదటి జవాబు క్రికెట్ వాళ్లదే అవుతుందని పందెం కట్టి ఉంటే ఈపాటికి నేనే ఒక క్లబ్ కొనేవాణ్ణి.

గోలీ_గౌతమి
కిరణ్ గారూ, ఆ పిల్లకి ఇష్టమైంది ఫుట్‌బాల్ అని వాళ్ల నాన్నగారు మొదటి ముక్కలోనే చెప్పారు.

నేను యూనివర్సిటీకి, స్టేట్‌కి గోల్‌కీపర్‌గా ఆడాను. చాలామంది మన దగ్గర టాలెంట్ లేదంటారు, డబ్బు లేదంటారు. నా దృష్టిలో అసలు లేనివి మ్యాచ్‌లు. అన్నగారు రాసినదాంట్లో నాకు బాగా తగిలిన మాట "మళ్లీ వచ్చే ఏడాది దాకా ఏమీ లేదట" అన్నది. కింద స్కూల్ పిల్లల దగ్గర్నుంచి పైన నేషనల్ లీగ్ దాకా ఇదే రోగం.

ఇండియన్ విమెన్స్ లీగ్ (ఐడబ్ల్యూఎల్) సంగతే చూడండి. 2016-17లో మొదలైంది. ఆరు టీమ్‌లని ఢిల్లీకి తెచ్చి, కొద్ది రోజుల్లో ఫైనల్ కూడా ఆడించేసి ఇంటికి పంపారు. దాన్ని లీగ్ అన్నారు. మణిపూర్ క్లబ్ ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ గెలిచింది. సొంత గ్రౌండ్‌లో ఒకసారి, ఎదుటివాళ్ల గ్రౌండ్‌లో ఒకసారి ఆడే పద్ధతి రావడానికి 2023-24 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు ఏడు టీమ్‌లు, అంటే ఒక్కో టీమ్‌కి 12 మ్యాచ్‌లు. తర్వాతి సీజన్‌కి ఎనిమిది టీమ్‌లు, 14 మ్యాచ్‌లు. అదే 2024-25లో ఇంగ్లండ్‌లో 12 టీమ్‌ల లీగ్‌లో ఒక్కో టీమ్ 22 ఆడింది, కప్పుల మ్యాచ్‌లు వేరే. నేను ఆడే రోజుల్లో ఏడాదంతా ప్రాక్టీస్ చేసి, ఒక్క వారం ఆడి, మళ్లీ ప్రాక్టీస్‌కి వెళ్లేవాళ్లం. ఎదురుగా స్ట్రైకర్ ఒంటరిగా దూసుకొస్తుంటే ముందుకు వెళ్లాలా, లైన్ మీదే ఆగాలా అన్నది ప్రాక్టీస్‌లో రాదండీ. మ్యాచ్‌లో తప్పు చేసి, గోల్ తిని, తర్వాతి ఆదివారం మళ్లీ ఆడితేనే వస్తుంది. మాకు ఆ తర్వాతి ఆదివారం ఉండేది కాదు.

బెంచ్_బాబ్జీ
గోల్ తిన్నవాళ్లకి తర్వాతి ఆదివారం లేదు, నాకైతే అసలు ఆదివారమే లేదు. పేరు చూశారుగా.

పాతబంతి
గౌతమి గారి మాటతో సగమే ఏకీభవిస్తాను. ఒకప్పుడు మ్యాచ్‌లు ఇంతకంటే తక్కువే, అయినా మన అమ్మాయిలు ఆసియాలో రెండో స్థానంలో నిలిచారు. 1975లో మహిళల ఫుట్‌బాల్‌కి విడిగా ఒక ఫెడరేషన్ పుట్టింది. దేశంలో ఫుట్‌బాల్‌ని నడిపే ఏఐఎఫ్ఎఫ్‌తో సంబంధం లేకుండా, చేతిలో పెద్దగా డబ్బుల్లేకుండా నడిచిన సంస్థ. కాలికట్‌లో జరిగిన ఆసియా టోర్నీలో మన జట్టు ఫైనల్ దాకా వెళ్లి చైనీస్ తైపీ చేతిలో ఓడింది. 1983లో మళ్లీ ఫైనల్, ఈసారి థాయ్‌లాండ్ చేతిలో ఓటమి. శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు వచ్చింది ఆ రోజుల్లోనే. ఆ తర్వాత పగ్గాలు ఏఐఎఫ్ఎఫ్ చేతికి వెళ్లాయి, అక్కణ్నుంచే దిగజారడం మొదలైంది.

ఆఫ్‌సైడ్_ఆనంద్
బాబాయ్, ఆ రెండో స్థానం గురించి ఎవరైనా గొప్పగా చెబితే నాకు నవ్వొస్తుంది. కాలికట్ టోర్నీలో ఇండియావే రెండు జట్లు ఆడాయి. ఆస్ట్రేలియా పేరు మీద వచ్చింది వెస్ట్రన్ ఆస్ట్రేలియా రాష్ట్ర జట్టు. చైనా రానేలేదు. వాళ్లు మొదటిసారి వచ్చింది 1986లో, వచ్చీ రాగానే కప్పు పట్టుకుపోయారు. మనం కిందికి పడలేదు, మిగతావాళ్లు లేచి పరుగు మొదలుపెట్టారు. మనం అక్కడే ఉండిపోయాం.

పాతబంతి
నవ్వుకో నాయనా. ఎవరు రాలేదన్నది ఆ అమ్మాయిల తప్పు కాదు. సెకండ్ క్లాస్ బోగీల్లో తిరిగి ఆడినవాళ్లు వాళ్లు.

ఆఫ్‌సైడ్_ఆనంద్
వాళ్లని చూసి కాదు బాబాయ్ నవ్వేది. ఆ చరిత్ర చెప్పి ఇప్పటికీ చేతులు దులుపుకునే వాళ్లని చూసి.

ఇందూరు_ఇస్మాయిల్
కరీంనగర్ అన్నా, దగ్గర్లోని జిల్లా నుంచి చెబుతున్నా వినండి. గుగులోత్ సౌమ్యది మా నిజామాబాద్ జిల్లానే, తండా నుంచి వచ్చిన పిల్ల. 2022లో క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్‌కి ఆడింది. 2024-25లో ఈస్ట్ బెంగాల్ లీగ్ గెలిచిన జట్టులో ఉంది. అదే ఏడాదికి ఏఐఎఫ్ఎఫ్ ఉత్తమ క్రీడాకారిణి అవార్డు కూడా ఆమెకే. మా దగ్గర టీ కొట్టు కాడ సౌమ్య ఎవరో తెలుసా అని పదిమందిని అడిగితే తొమ్మిది మంది "ఏ సీరియల్?" అంటారు. అయినా దారి ఉందా అంటే ఉంది. మీ ఇంటికి దగ్గర్లోంచే పోయింది.

క్రికెట్_కిరణ్
ఒక్కరు వెళ్లారని అందరూ వెళ్లలేరు కదా. వెయ్యి మందిలో ఒకరి కథ చెప్పి మిగతా 999 మంది గురించి మాట్లాడకపోవడం అన్ని ఆటల్లోనూ ఉన్నదే. జీతాలెంతో ఎవరైనా చెప్పండి ముందు.

లెక్కల_లావణ్య
కిరణ్ గారి ప్రశ్న న్యాయమైనదే. 2023-24 సీజన్‌కి ఏఐఎఫ్ఎఫ్ ఒక నియమం పెట్టింది. లీగ్‌లో ప్రతి క్లబ్ కనీసం పదిమంది భారతీయ క్రీడాకారిణులకి ఏడాదికి 3.2 లక్షలకి తక్కువ కాకుండా ఇవ్వాలని. నెలకి చూస్తే 26 వేల చిల్లర. ఆ సీజన్‌లో ఏడు క్లబ్‌లు, క్లబ్‌కి పదిమంది. అంటే ఇంత పెద్ద దేశంలో ఆ మాత్రం జీతానికి హామీ ఉన్నది 70 మందికి. స్టార్లకి అంతకంటే ఎక్కువే వస్తుంది, కాదనను. 71వ అమ్మాయి సంగతేంటి అన్నదే నా ప్రశ్న.

బెంచ్_బాబ్జీ
71వ అమ్మాయి పీజీ చేసి బ్యాంక్ కోచింగ్‌లో చేరుతుంది. మా చెల్లెలు.

పీఈటీ_మాస్టారు
71వ అమ్మాయికి ఇంకో దారి కూడా ఉంది. ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. ఉద్యోగం. రైల్వేస్‌కి మహిళల జట్టు ఉంది, 2015-16లో సీనియర్ నేషనల్స్ గెలిచింది కూడా. కేంద్ర బలగం సశస్త్ర సీమా బల్ జట్టు ఐడబ్ల్యూఎల్ ఆడింది. మణిపూర్‌లో పోలీసు ఉద్యోగాల్లో ఉండి దేశానికి ఆడినవాళ్లున్నారు. ఊళ్లలో అమ్మాయిలు గ్రౌండ్‌కి రావడానికి ఇప్పటికీ పెద్ద కారణం స్పోర్ట్స్ కోటానే. వరల్డ్ కప్ కల కంటే కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కే తల్లిదండ్రులు కరుగుతారు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

కరీంనగర్ గారూ, మీరు వెంటనే చేయాల్సిన పనులు చెబుతా. అమ్మాయికి సీఆర్ఎస్ ఐడీ ఉందా? అది ఏఐఎఫ్ఎఫ్ రిజిస్ట్రేషన్ నంబర్, క్లబ్ ద్వారా గానీ అకాడమీ ద్వారా గానీ చేయించాలి. బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పుట్టినతేదీ ఒకటే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఏజ్ గ్రూప్ టోర్నీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, కాగితాలు అటూ ఇటూ ఉంటే అక్కడ టెన్షన్ పడాల్సి వస్తుంది. స్కూల్ తరఫున ఆడించాలంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలు, స్కూళ్ల మధ్య జరిగే సుబ్రతో కప్‌లో అండర్-17 బాలికల విభాగం ఉన్నాయి. హెడ్మాస్టర్‌ని మీరే వెళ్లి కలవండి. పీఈటీ అడిగితే "చూద్దాం" అంటారు, తండ్రి అడిగితే ఫైల్ కదులుతుంది.

ఇంకో మాట. మా దగ్గర తొమ్మిదో తరగతిలో సగం మంది అమ్మాయిలు మానేస్తారు. ఆట రాక కాదు. మేం ఆడే గ్రౌండ్‌లో టాయిలెట్ ఒకటే, దాని తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. అతను టీకి వెళ్తాడు. హాఫ్‌టైమ్‌లో మా లెఫ్ట్ వింగర్ స్టడ్స్ వేసుకునే రోడ్డు దాటి హోటల్ దాకా పరిగెత్తి, తాళంచెవి తెచ్చుకుని, సెకండ్ హాఫ్ మొదలయ్యాక వచ్చింది. ఆ పిల్ల ఆ తర్వాత ప్రాక్టీస్‌కి రాలేదు. ఈ సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు.

గోలీ_గౌతమి
మాస్టారూ, మీరు చెప్పిన ఆ తాళంచెవి నేను ఆడిన ప్రతి గ్రౌండ్‌లోనూ ఉండేది.

ఫిజియో_ఫాతిమా
మాస్టారు చెప్పినవాటికి తోడు రెండు ఆరోగ్యం సంగతులు. ఒకటి మోకాలు. ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం మగవాళ్ల కంటే అమ్మాయిల్లో చాలా ఎక్కువ. పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు ఎత్తు ఒక్కసారిగా పెరుగుతుంది, దూకి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి వంగుతాయి, అక్కడే ముప్పు. ఫిఫా వాళ్ల 11+ అని ఒక వార్మప్ ఉంది, ఇరవై నిమిషాలు పడుతుంది, బంతి తప్ప పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. కోచ్ చేయించకపోయినా ఇంట్లో చేయించండి.

రెండోది రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత. సెకండ్ హాఫ్‌లో అమ్మాయి కాళ్లీడుస్తుంటే "స్టామినా లేదు" అని కోచ్ తిడతాడు. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందికి కావాల్సింది తిట్లు కాదు, హిమోగ్లోబిన్ టెస్టు.

కరీంనగర్_నాన్న
చాలా థాంక్స్ అందరికీ. మాస్టారూ, సీఆర్ఎస్ అనేది ఒకటుందనే నాకు తెలీదు. సెలెక్షన్స్‌లో ఎవరూ చెప్పలేదు. ఫాతిమా మేడమ్, టెస్టు ఈ వారంలోనే చేయిస్తా. మన మహిళల జట్టు ఆసియా కప్‌కి వెళ్తోందని మా అమ్మాయి అంటోంది, నిజమేనా? పేపర్లో ఎక్కడా కనబడలేదు.

ఆఫ్‌సైడ్_ఆనంద్
నిజమే అన్నా. 2025 జూలై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో కొట్టారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే, ఆమె మిడ్‌ఫీల్డర్. థాయ్‌లాండ్ అంతకుముందు రెండు వరల్డ్ కప్‌లు ఆడిన జట్టు. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఆసియా కప్‌కి వెళ్లడం మనకి ఇదే మొదటిసారి. మంగోలియా మీద 13-0 కూడా ఆ టోర్నీలోనే. పేపర్లో వచ్చింది, లోపలి పేజీలో కింది మూలన, ప్రకటన పక్కన. ఆగస్టులో అండర్-20 అమ్మాయిలు కూడా మయన్మార్‌ని ఓడించి ఇరవై ఏళ్ల తర్వాత ఆసియా కప్‌కి వెళ్లారు. అదైతే మూలన కూడా రాలేదు.

సీనియర్ల ఆసియా కప్ 2026 మార్చిలో, ఆస్ట్రేలియాలో. మన గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ. జపాన్‌ని పక్కన పెట్టండి. మిగతా రెండిట్లో ఒకటి గెలిస్తే మూడో స్థానంతో అయినా క్వార్టర్స్‌కి అవకాశం ఉంటుంది. క్వార్టర్స్ చేరితే 2027 బ్రెజిల్ వరల్డ్ కప్ తలుపు దగ్గరికి వెళ్లినట్టే.

సాల్ట్‌లేక్_సత్యం
ఉద్యోగం వల్ల కోల్‌కతాలో ఉన్నా. మీరంతా మన జట్టు గురించే మాట్లాడుతున్నారు, పక్కన బంగ్లాదేశ్‌ని చూడండి. దక్షిణాసియా దేశాల శాఫ్ మహిళల టోర్నీ మొదటి ఐదుసార్లూ మనమే గెలిచాం. 2022, 2024 రెండూ వాళ్లవి. ఈసారి ఆసియా కప్‌కి వాళ్లు కూడా మొదటిసారి వెళ్తున్నారు. వాళ్ల దగ్గర ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్ల అమ్మాయిలకి దేశవ్యాప్తంగా ఒక టోర్నీ ఉంది. మైమన్‌సింగ్ దగ్గర కల్సిందూర్ అనే ఊరి స్కూల్ అమ్మాయిలు అందులో గెలిచి, తర్వాత నేషనల్ టీమ్‌ల దాకా వెళ్లారు. పల్లెటూరి ప్రైమరీ స్కూల్! అకాడమీ కాదు, కార్పొరేట్ స్పాన్సర్ కాదు.

గోలీ_గౌతమి
నేను చెప్పేది ఇదే కదా సత్యం గారూ. పదేళ్ల పిల్లకి మ్యాచ్ దొరికింది. అంతే తేడా.

పాతబంతి
మ్యాచ్‌లు పెట్టేదెవరమ్మా మరి? 2022 మర్చిపోయారా అందరూ? జనవరిలో మన దేశంలోనే ఆసియా కప్. ఇరాన్‌తో 0-0 ఆడాక క్యాంపులో కోవిడ్, తర్వాతి మ్యాచ్‌కి పదమూడు మందిని కూడా నిలబెట్టలేక టోర్నీ నుంచే బయటికి. ఆగస్టులో ఫిఫా మన ఫెడరేషన్‌ని సస్పెండ్ చేసింది. అప్పటికి గోకులం కేరళ అమ్మాయిలు ఆసియా క్లబ్ టోర్నీ కోసం తాష్కెంట్‌లో దిగి ఉన్నారు. ఆడకుండానే తిరిగొచ్చారు. కుర్చీల గొడవ పెద్దమనుషులది, శిక్ష వీళ్లకి. అక్టోబర్‌లో అండర్-17 వరల్డ్ కప్ మన దేశంలోనే పెట్టి, భువనేశ్వర్‌లో అమెరికా చేతిలో 8-0 తిన్నాం.

ఆఫ్‌సైడ్_ఆనంద్
ఇక్కడ మాత్రం బాబాయ్‌తో వంద శాతం.

ఇందూరు_ఇస్మాయిల్
ఆ అండర్-17 జట్టు కెప్టెన్ అష్టమ్ ఓరాన్, జార్ఖండ్‌లో గుమ్లా జిల్లా. కెప్టెన్ అయిందని ఊరికి అధికారులు రోడ్డు శాంక్షన్ చేశారు. ఆ రోడ్డు పనిలో కూలీలుగా చేరింది ఎవరో తెలుసా? వాళ్లమ్మా నాన్నా. కూతురు వరల్డ్ కప్ ఆడుతుంటే వాళ్లు రోడ్డు పని చేశారు. అప్పట్లో అన్ని చోట్లా వార్త వచ్చింది, రెండు రోజులు అయ్యో అనుకుని మర్చిపోయారు.

క్రికెట్_కిరణ్
ఇది నాకు తెలీదు. చాలా బాధగా ఉంది చదువుతుంటే. కానీ ఇస్మాయిల్ భాయ్, ఇది చదివాక కూడా ఆ నాన్నగారిని అమ్మాయిని పంపమంటారా?

ఇందూరు_ఇస్మాయిల్
పంపమంటా. అష్టమ్ ఆడకపోయి ఉంటే ఆ రోడ్డు కూడా పడేది కాదు.

సీమ_చిన్నోడు
మా అనంతపురంలో స్పోర్ట్స్ అకాడమీ ఉంది, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లది. అమ్మాయిలకి ఫుట్‌బాల్ ఉంది. గ్రౌండ్ చూస్తే కళ్లు తిరుగుతాయి. పల్లెల్లోంచి వచ్చిన పిల్లలు ఆడతారు. కరీంనగర్ అన్నా, ఒకసారి వచ్చి చూసిపొండి, కనీసం అమ్మాయికి తనలాంటి వాళ్లు ఇంతమంది ఉన్నారని తెలుస్తుంది. ఒక్కతే ఆడే పిల్లకి అది చాలా పెద్ద విషయం.

లెక్కల_లావణ్య
పదమూడేళ్ల పిల్లని హాస్టల్‌కి పంపడం నాకు ఇష్టం లేదు. 2022లోనే అండర్-17 జట్టు యూరప్ టూర్‌లో ఉండగా సహాయ కోచ్‌ని దుష్ప్రవర్తన కింద తొలగించిన సంగతి ఎవరూ రాయలేదు. నేషనల్ క్యాంపులోనే అలా ఉంటే! ఎక్కడికి పంపినా మహిళా కోచ్ గానీ మహిళా వార్డెన్ గానీ ఉన్నారా, ఫిర్యాదు ఎవరికి చేయాలో రాసి పెట్టారా అని అడగండి. ఆ ప్రశ్నకి చిరాకుపడే చోటికి అసలు పంపొద్దు.

సీమ_చిన్నోడు
చూసిపొమ్మన్నా అక్కా, చేర్పించమనలేదు. అయినా మీరన్నది కరెక్టే.

గోలీ_గౌతమి
లావణ్య గారి మాట ఎవరూ దాటేయకండి. నేను ఆడినప్పుడు ఆ ప్రశ్న అడిగే ధైర్యం మా ఇళ్లలో ఎవరికీ లేదు.

హాస్టల్ గురించి నాదీ అదే అభిప్రాయం. ఇంకో రెండు మూడేళ్లు ఇంటి నుంచే ఆడనివ్వండి. మగపిల్లలతో ఆడటం ఆపకండి, అది నష్టం కాదు, వేగం వస్తుంది. ఇండియా స్ట్రైకర్ బాలాదేవి చిన్నప్పుడు మగపిల్లలతోనే ఆడింది. 2020లో స్కాట్లండ్‌లో రేంజర్స్ పిలిచి పదో నంబర్ జెర్సీ ఇచ్చింది. మనీషా కల్యాణ్ 2021లో బ్రెజిల్ మీద, బ్రెజిల్లోనే గోల్ కొట్టింది. మనం 6-1తో ఓడాం, కానీ ఆ గోల్ ఎన్నిసార్లు చూశానో. మధ్యగీత దగ్గర్నుంచి ఒంటరిగా ఉరుకుతుంది చూడండి!

బెంచ్_బాబ్జీ
6-1 ఓడిన మ్యాచ్‌ని పండగలా చూసేది ఒక్క మన ఫుట్‌బాల్ జనమే.

పీఈటీ_మాస్టారు
చివరికి మ్యాచ్‌ల దగ్గరికే వచ్చాం కాబట్టి నాదొక ప్రతిపాదన. నేనుండేది పెద్దపల్లి వైపు. మా దగ్గర తొమ్మిది మంది అమ్మాయిలున్నారు. ఇస్మాయిల్ గారూ, మీ వైపు ఎవరైనా ఉన్నారా? పదకొండు మందితో ఆడాలని పట్టుబడితే జన్మలో మ్యాచ్ జరగదు. ఏడుగురితో ఆడిద్దాం, అడ్డంగా సగం గ్రౌండ్ చాలు. నెలకి రెండు ఆదివారాలు. కప్పూ వద్దు, చీఫ్ గెస్టూ వద్దు.

ఇందూరు_ఇస్మాయిల్
చీఫ్ గెస్ట్ లేకుండా టోర్నీయా! అసోసియేషన్ వాళ్లు ఊరుకుంటారా మాస్టారూ? బోధన్, ఆర్మూర్ వైపు కలిపితే ఒక జట్టు అవుతుంది. అడిగి చెబుతా.

కరీంనగర్_నాన్న
మా అమ్మాయి, దాని ఫ్రెండ్స్ ఇద్దరు. మొత్తం ముగ్గురు. మాస్టారూ, మీకు మెసేజ్ పెట్టాను. వాళ్లమ్మ మాత్రం ఇంకా బ్యాడ్మింటన్ మీదే ఉంది. టాయిలెట్ ఉన్న గ్రౌండ్ అయితేనే వస్తానని షరతు పెట్టింది. తనూ వస్తుందట, చూడటానికి.

పీఈటీ_మాస్టారు
మెసేజ్ చూశా. జూనియర్ కాలేజీ గ్రౌండ్ అడుగుతున్నా, అక్కడ టాయిలెట్ ఉంది. తాళంచెవి నా దగ్గరే పెట్టుకుంటానని చెప్పండి మేడమ్‌కి. పిల్లలకి షిన్ గార్డులు తప్పనిసరి, స్టడ్స్ లేకపోతే మామూలు షూస్‌తో రానివ్వండి. బంతి ఐదో సైజు, నేను తెస్తా.

క్రికెట్_కిరణ్
రిఫరీ కావాలంటే చెప్పండి. కరీంనగర్‌లోనే ఉంటా. ఆఫ్‌సైడ్ రూల్ ఒక్కటి ఎవరైనా నేర్పాలి.

ఆఫ్‌సైడ్_ఆనంద్
ఏడుగురి ఆటలో ఆఫ్‌సైడ్ పెట్టకుండా ఆడించుకోవచ్చు కిరణూ. నీ అదృష్టం. విజిల్ కొనుక్కో.